పటము విప్పిన కథ

తెలుగు దేశమునకు వెలుపల మూడు నాలుగు తరములుగా స్థిరపడిన మన కుటుంబములలో ఒక మాట తఱచుగా వినబడుచుండును: "మాకు తెలుగు మాటలాడుట వచ్చును గాని చదువుట రాదు." ఈ మాట చెప్పువారు కొంచెము తల వంచికొని చెప్పుదురు. మా యింటను ఇదే స్థితి గనుక వారి సంకోచము మాకు తెలియని దేమియు కాదు. అయితే చరిత్ర నొకసారి తిరుగవేసి చూచినచో, తెలుగువారిలో అత్యధికులు ఓనమాలు దిద్దని కాలము మిక్కిలి దీర్ఘమైనది. ఆ కాలమున రామాయణము లేకపోలేదు, భారతము లేకపోలేదు, కులపురాణములును లేకపోలేదు. వానిని మన పెద్దలు తాటాకులపై చదువలేదు. గోడపై, గుడ్డపై, తోలుపై చూచిరి. చూచినదానిని మరియొకరు పాడుచుండగా వినిరి. ఆ చూపునకును ఆ పాటకును గల సంబంధమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని మా ప్రయత్నము.

మొదట చెన్నపట్టణమునందలి ఎగుమూరు మ్యూజియమునకు పోదము. అచ్చటి తెలుగువారికి అది దూరముకాదు. అందు కృష్ణాతీరమునందలి అమరావతి స్తూపపు సున్నపురాతి పలకలున్నవి. 1797లో కర్నల్ మెకంజీ ఆ దిబ్బను చూచెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి శిల్పములను మదరాసునకు తరలించెను. 1859లో వానిలో ఒక పెద్ద భాగము ఓడ నెక్కి లండను చేరెను. మిగిలినవి, తరువాతి త్రవ్వకములలో దొరికినవి ఇచ్చట నున్నవి. ఈ శిల్పులు బుద్ధుని కథను చెప్పిన తీరు ఆశ్చర్యకరము. అనేక ఫలకములలో బుద్ధుని రూపమే కనబడదు. సిద్ధార్థుడు ఇల్లు విడిచిన రాత్రిని చెప్పవలెనన్న, జీనుగల గుఱ్ఱము నగరద్వారము వెడలుచుండును. దానిపై ఎవ్వరును లేరు. కాని ఆ శూన్యముపై ఒకరు గొడుగు పట్టియుందురు. రాజు ఎవరో ఆ గొడుగే చెప్పును. లండనులో నున్న ఒక పలకపై జననఘట్టము కలదు. మాయాదేవి చెట్టుకొమ్మను పట్టుకొని నిలచియుండును. దిక్పాలకులు నలుగురు ఒక నిడుపైన వస్త్రమును పట్టుకొనియుందురు. ఆ వస్త్రముపై శిశువు లేడు. చిన్న చిన్న పాదముల గుర్తులు మాత్ర ముండును. చక్రము ధర్మోపదేశము, బోధివృక్షము క్రింది రిక్త పీఠము జ్ఞానోదయము, స్తూపము నిర్యాణము.

అదే మ్యూజియములో నాలాగిరి యను మదపుటేనుగు కథగల గుండ్రని ఫలకము ప్రసిద్ధమైనది. ఇందు బుద్ధుడు మనుష్యరూపముననే యున్నాడు. ఒకే వృత్తములో ఏనుగు రెండుసార్లు కనబడును. ఒకవైపు తొండముతో జనులను విసరివేయుచుండును, మరియొకవైపు మోకరిల్లియుండును. మేడలపైనుండి స్త్రీలు భయముతో చూచుచుందురు. "మొదట ఇది, తరువాత అది" యని చెప్పుటకు మనకు వాక్యములు రెండు కావలెను. శిల్పికి వృత్తము ఒక్కటి చాలినది. (అమరావతి రాళ్లపై ప్రాకృత శాసనములును కలవు. వానిలో నొకదానియందలి "నాగబు" అను పదమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించి మన భాషకు దొరికిన తొలి పదములలో నొకటిగా చూపిరి. అక్షరమును వెదకువారికి ఆ సంతోషము వేరు.)

ఇంత చెప్పినను ఒక సందేహము మిగులును. ఖాళీ గుఱ్ఱముపై నున్న గొడుగును చూచి "ఇతడు సిద్ధార్థు" డని తెలిసికొన్నవా రెట్లు తెలిసికొనిరి? కథ ముందే తెలియనివానికి ఆ పలక గొడుగు, గుఱ్ఱము తప్ప మరేమియు చెప్పదు. స్తూపము చుట్టు ప్రదక్షిణము చేయు భక్తుని ప్రక్కన వ్రేలు చూపి చెప్పువా డొకడు నడచియుండవలెను. బొమ్మ కథను దాచును. విప్పుటకు మనిషి కావలెను. ఈ సంగతి తెలంగాణపు పటములయందు మరింత స్పష్టముగ కనబడును.

రాతి బొమ్మ కదలదు. జనమే దానికడకు పోవలెను. పటము అట్లుగాక జనమును వెదకికొనుచు పోవును. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల గ్రామమున నకాషీ చిత్రకారులు తరతరములుగా వ్రాయుచు వచ్చిన ఈ పటములు మూడడుగుల వెడల్పు, నలుబది ఏబది అడుగుల నిడివి గలవిగా నుండెడివి; అంతకు మించినవియు కలవు. ఖద్దరు గుడ్డను తీసికొని గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్ల బంక కలిపి మరల మరల పూసి, ఆరబెట్టి, గట్టిపరతురు. చింతగింజలను నానబెట్టి రుబ్బి ఉడికించుటయే ఒక దినపు పని. పిమ్మట కుంచెతో రేఖలు దిద్ది, వెనుక భాగమంతయు ఎఱ్ఱరంగుతో నింపుదురు. ఇంగిలీకపు ఎరుపు, నీలిమందు, దీపపు మసి మొదలైనవి వారి పూర్వపు రంగులు. బొమ్మలు పైనుండి క్రిందికి వరుసలుగా సాగును; వరుసకును వరుసకును నడుమ పూలతీగల అంచు. మొదటి వరుసలో వినాయకుడు. అచ్చటినుండి కథ దిగుచు వచ్చును.

ఈ పటమును చదువు వ్యాకరణము ఊరివారందరికిని తెలియును. పైన తెరకుచ్చులు వ్రేలాడుచున్న అది ఇంటి లోపల. చెట్టు నిలచియున్న అది అడవి. నీలపు మేను విష్ణువు. మనిషి పెద్దగా నున్నచో గొప్పవాడు, చిన్నగా నున్నచో సేవకుడు. దూరము, దగ్గర అను లెక్క ఇచ్చట లేదు. పాశ్చాత్యుల చిత్రముల నెరిగినవారు దీనిని లోపమందురు. రాత్రివేళ దీపపు వెలుతురులో, నూరుమంది వెనుకనుండి చూచుచున్న పటములో దూరదృష్టి మెలకువ లెవనికి కనబడును? అచ్చట కనబడవలసినది ఎరుపుపై నిలచిన రూపము. నకాషీవారికి తమ ప్రేక్షకు డెచ్చట కూర్చుండునో తెలియును.

చిత్రించువారు ఒకరు, కథ చెప్పువారు వేరొకరు, వినువారు మరియొకరు. ఈ మూడును పుట్టుకతో వచ్చిన సంబంధములు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, భావనఋషి కథను చెప్పుదురు. కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథను, గౌడజెట్టివారు గౌడులకు వారి పురాణమును, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును చెప్పుదురు. ఒక్కొక్క కథకుల కుటుంబమునకు కొన్ని యూళ్లపై హక్కు. కొన్నియేండ్ల కొకసారి ఆ ఊరికి వచ్చి, పందిరిగుంజకో చెట్టుకొమ్మకో పటము కట్టి, కొన్నిరాత్రులు కథ నడపి, త్యాగము పుచ్చుకొని పోవుదురు. బెత్తముతో బొమ్మను తాకుచు ఒకడు పాడును. తక్కినవారు వాద్యము వాయించుచు వంత పలుకుదురు. ఒక వరుస పూర్తియైనంతనే పటము కొంచెము విప్పుదురు. మరునాటి కథ ఇంకను చుట్టలోనే యుండును. వినువారికి అది తెలియును. అందుచేతనే మరునాడును వత్తురు.

ఈ కథలు కేవలము కాలక్షేపమునకు చెప్పినవి కావు. పద్మశాలీలకు తమ మూలపురుషుడు తామరనూలుతో దేవతలకు వస్త్రము నేసినాడని చెప్పునది ఆ పటము. డక్కలివాని జాంబపురాణమున జాంబవుడు సృష్టికి ముందే యున్నవాడు. ఊరిలో చివరి గుడిసెలో నుండువానికి, తన పూర్వుడు భూమి పుట్టకముందే పుట్టెనని రాత్రియెల్ల బొమ్మలు చూపి చెప్పుట ఏపాటి సంగతియో ఊహింపుడు. వ్రాతలోనున్న పురాణములు అతనికి అందనీయబడలేదు. బొమ్మలోనున్నది అందినది. ఈ పటములను కేవలము ముచ్చటైన గ్రామీణ కళగా మాత్రమే పొగడువారిని చూచినపుడు మాకు కొంత నొప్పి కలుగును. అవి ఆయా కులముల దస్తావేజులు.

పటము జీర్ణించినపుడు పారవేయరాదు. చనిపోయిన మనిషికి చేసినట్లే మర్యాద చేసి నీట కలిపెడివారు. చాల పాతవి నేడు అరుదుగా కనబడుటకు ఇదియు నొక కారణము. కథకులు తగ్గిన పిమ్మట చేర్యాలవారు ఒక్కొక్క దృశ్యమునే చిన్న చట్రములలో వ్రాసి అమ్ముట కలవాటు పడిరి. ముఖములు కూడ అదే రీతిగా బొమ్మకట్టి అమ్ముచున్నారు. భౌగోళిక గుర్తింపును కూడ ఆ కళకు ప్రభుత్వ మిచ్చినది. అన్నము పెట్టు మార్గము నెవ్వరును నిందింపరాదు; కాని గోడకు వ్రేలాడు ఆ చిన్న బొమ్మ నలుబది అడుగుల వాక్యములోనుండి చించిన ఒక్క మాట.

పద్మశాలీల ప్రసక్తి వచ్చినది గనుక షోలాపురపు ముచ్చట నొకదానిని చెప్పుదుము. తెలంగాణమునుండి మగ్గములు పట్టుకొని పోయిన ఆ నేతకుటుంబములు మహారాష్ట్రమున ఒక పెద్ద తెలుగు సమాజమును నిర్మించినవి. శ్రావణ పూర్ణిమనాడు అచ్చట మార్కండేయుని రథోత్సవము జరుగును. వీధులన్నియు తెలుగు మాటలతో నిండును. కొన్నియేండ్ల క్రిందట మేము అచ్చటికి పోయినపుడు ఒక ముదుసలి తల్లి బీడీలు చుట్టుచు మాతో మాటలాడినది. ఆమె చదువుకొన్నది లేదు. చిన్నతనమున పుట్టినూరిలో కూనపులివారి పటమును చూచెనట. "పాట గురుతున్నదా అమ్మా?" యని యడిగితిమి. "పాట పోయింది నాయనా, గురుతు లేదు" అన్నది. కొంతసేపటికి చేతిలోని ఆకును ప్రక్కన బెట్టి, ఎదుట గోడను చూపుచు, "పెద్దపులి ఇక్కడుంటది. దానికింద మగ్గం. మగ్గం పక్కన ఆమె నిలబడుంటది" అని చేతితో గాలిలో వరుసలు గీచినది. పటము లేదు, పాట లేదు. ఏబది సంవత్సరముల పిదప ఏ బొమ్మ ఏ చోటనున్నదో ఆ చోటు మాత్రము నిలచినది. ఆమె కోడలు, మరాఠీ బడిలో చదివినది, పని నిలిపి వినుచుండెను. "అత్తా, ఇది నాకెప్పుడు చెప్పలే?" అన్నది. "నువ్వెప్పుడడిగినవు?" అని ముదుసలి మరల ఆకును చేతిలోనికి తీసికొన్నది.

బొమ్మతో కథ చెప్పువాని యింటిభాష వినువాని భాషయే కావలెనను నియమమును లేదు. కన్నడదేశమున కిళ్లేక్యాతలనియు, మన రాయలసీమలో తోలుబొమ్మలాటవారనియు పిలువబడు కుటుంబములు అనేకము ఇంటిలో మరాఠీ మాండలికమును మాటలాడి, తెరవెనుక నిలచినంతనే ఆ ఊరి భాషలో రామాయణమును నడుపుదురు. కన్నడదేశమున కన్నడము, తెలుగుదేశమున తెలుగు. ధర్మవరము చెంత నిమ్మలకుంట ఇట్టి కళాకారుల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చిరి. పరదేశమున రెండు భాషలతో బ్రదుకు మనకు వారి సంగతి విచిత్రముగ తోపదు. ఇంటిభాష యొకటి, అన్నముపెట్టు భాష యొకటి. రావణుని పది తలలు మాత్రము ఏ భాషలోనైనను పదియే.

ఇంతవరకు చెప్పినవారందరికిని, తాము చదువకపోయినను, తమ భాషకు లిపి యున్నది. భాషకే లిపి లేనివారి మాట యేమి? పర్లాకిమిడి ప్రాంతపు తెలుగువారికి సవరలు పొరుగువారు. నేటి ఒడిశా గజపతి, రాయగడ జిల్లాలలోను, మన శ్రీకాకుళము, పార్వతీపురము మన్యములలోను వారి గూడెములున్నవి. సవర యింటి లోగోడకు ఎఱ్ఱమట్టి పూసి, దానిపై బియ్యపుపిండి నీటితో, పుల్లను కుంచెగ చేసికొని, ఒక చిత్రము వ్రాయుదురు. దానిని ఇత్తాలు అందురు. చతురస్రముగ ఒక యిల్లు. లోపల మనుష్యులు, గుఱ్ఱములు, ఏనుగులు, సూర్యచంద్రులు, చెట్లు. ఇంటిలో రోగము వచ్చినపుడో, చనిపోయినవారు కలలో కనబడి తమకు చోటు కావలెనన్నపుడో, కుడాను అను పూజారి చెప్పగా ఇది వ్రాయబడును. చనిపోయినవారు వచ్చి అందు నివసింతురు. కనుక అది అలంకారము కాదు. వారికి కట్టిన యిల్లు, వారికి వ్రాసిన జాబు. ఇరువదవ శతాబ్దమున వెరియర్ ఎల్విన్ చూచునాటికి ఆ గోడలపై సైకిళ్లు, రైళ్లు, విమానములు కూడ వచ్చిచేరినవి. పితృదేవతలు కాలినడకను పోవలెనని ఎవరు చెప్పిరి?

ఈ సవరలకొరకు అక్షరము పట్టుకొని పోయినవాడు మన గిడుగు వేంకట రామమూర్తిగారు. పర్లాకిమిడి పాఠశాలలో చరిత్ర బోధించుచు, సవరభాషను నేర్చి, తెలుగు లిపిలో వారికి వాచకములు వ్రాసిరి. 1931లో వారి సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి. (గ్రాంథికముపై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని గూర్చి మేమీ భాషలో వ్రాయుచుండుట వారు చూచినచో నవ్వియుందురు, సంఘమువారి సంచికకు ఈ ధోరణి అలవాటు.) 1936లో ఒడిశా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి దానిలో కలిసినపుడు గిడుగువారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. చిత్రమేమనగా, ఆ 1936లోనే మంగేయి గొమాంగో అను సవర పెద్ద తమ భాషకు సొరంగ్ సొంపెంగ్ అను లిపిని కల్పించెను. ఆ అక్షరములను దైవముగ పూజించువారు నేటికిని కలరు. గోడపై బొమ్మకు మ్రొక్కినవారు అక్షరమునకును మ్రొక్కుట సహజమే. ఇత్తాలు ఇపుడు గోడలపై తగ్గి, చీరలపైకిని కాగితములపైకిని ఎక్కి, అంగళ్లకు పోవుచున్నది.

ఇక బొమ్మయు అక్షరమును ఒకేచోట కూడిన సంగతికి వత్తము. శ్రీకాళహస్తి కలంకారీలో నడుమ పెద్ద దేవతామూర్తి, చుట్టు అరలలో కథ, ఒక్కొక్క అర పైని సన్నని పట్టెలో తెలుగు వ్రాత యుండుట పూర్వాచారము. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియమున పందొమ్మిదవ శతాబ్దపు కాళహస్తి రామాయణపు వస్త్రము అట్టిదే. ఈ వ్రాతలు ఎవరికొరకు? గుడికి వచ్చు సామాన్యునికి చదువు రాదు. వ్రేలు చూపి చెప్పువానికి ఆ నాలుగు మాటలు జ్ఞాపకపు ముడులని మా యూహ. ఈ పని క్షీణించుచుండగా 1957లో కాళహస్తిలో శిక్షణకేంద్రము స్థాపింపబడి, జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు నేర్పగా మరల చిగిర్చినది. తంజావూరు ప్రాంతమున కరుప్పూరు కలంకారీ వేయు కుటుంబములు కూడ నాయకరాజుల నాడు ఆంధ్రదేశమునుండి వచ్చినవారని చెప్పుదురు. గుడి పందిళ్లకు, రథములకు వారు వ్రాయు గుడ్డలు అరవదేశపు ఉత్సవములలో నేటికిని కనబడుచున్నవి.

వీనిలో మాకు మిక్కిలి ఆప్తమైనది చెంగము. తిరువణ్ణామలైనుండి బెంగుళూరు పోవు మార్గమున ఈ ఊరు కలదు. అచ్చటి వేణుగోపాల పార్థసారథి ఆలయ మండపపు పైకప్పున నాయకుల కాలపు రామాయణ చిత్రములున్నవి. వానికి తెలుగున వ్రాతలు. చిత్రించిన కథయు వాల్మీకిది కాదు. గోన బుద్ధారెడ్డి ద్విపదయైన రంగనాథ రామాయణపు పోకడ. అరవదేశము నడుమ గుడికప్పుపై తెలుగు ద్విపదకథ బొమ్మలుగా ఎక్కిన దన్నమాట. విజయనగరమువారును, సెంజి, తంజావూరు, మధుర నాయకులును ఏలిన ఆ కాలమున దండులతో పాటు, రైతులతో పాటు, నేతగాండ్రతో పాటు కథలును దక్షిణమునకు నడచినవి. మన యిండ్లలో కొన్నిటికి పూర్వులు ఆ నడకలో వచ్చినవారే.

మేము క్రిందటిసారి చెంగమునకు పోయినపుడు మా మనుమరాలిని వెంట తీసికొనిపోయితిమి. పదునొకండేండ్ల పిల్ల. ఇంటిలో తెలుగు, బడిలో అరవము, ఇంగ్లీషు. మెడ వెనుకకు వాల్చి కప్పును చూచుచు, "తాతా, పది తలలు! రావణుడు! ఇదుగో కోతులు!" అని ఒక్కొక్కటిగా గుర్తుపట్టినది. కథ మా అమ్మగారు ఆమెకు చెప్పియుండిరి గనుక ఎక్కడను తడుముకొనలేదు. రంగులు చాలచోట్ల మాసినవి. అయినను సగము చేయి, సగము విల్లు చూచి మిగిలినది తానే పూరించుకొనుచుండెను. కొంతసేపటికి బొమ్మల వరుసనడుమ వ్రాతను చూపి, "ఈ ముగ్గు ఎందుకు తాతా?" అని యడిగినది.

అది ముగ్గు కాదు, మన తెలుగని చెప్పితిమి. కొన్ని అక్షరములు చెరిగిపోయినవి. మిగిలినవానిని మేము కూడబలుకుకొని ఒకటొకటిగా చదివి చెప్పుచుండగా, ఆమె సంచిలోనుండి నోటుపుస్తకము తీసి, నేలపై కూర్చుండి, పైకి చూచుచు గీయనారంభించినది. మొదట రావణుడు. పిమ్మట ఆతని ప్రక్కనున్న అక్షరములు. వానిని కూడ బొమ్మలవలెనే గీచుచుండెను. "రా"ను క్రిందినుండి పైకి గీచి, తలకట్టు ఏది, దీర్ఘ మేది యని తెలియక, చివర ఒక తోక చేర్చినది. "సరిగా వచ్చిందా?" అని పుస్తకమును మాకు చూపినది. తోక నొకదానిని చెరిపివేయుమని చెప్పితిమి.